మట్టి కింద ముసలితనం

కృష్ణా డెల్టాలో ఒక చిన్న మునిసిపాలిటీ. పేరెందుకు, అలాంటి ఊళ్ళు మనకు బోలెడు. నేనక్కడున్న మొదటి మూడేళ్ళూ మా వీధికి నీళ్ళు వదిలింది ఒక పెద్దాయన. ఉద్యోగం కుళాయి ఫిట్టరు. తెల్లవారుజామున అయిదింటికి సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిలుకు ఆనించి కట్టిన నిలువెత్తు ఇనపకడ్డీ, దాని కొసన అడ్డపిడి. వేపచెట్టు మొదట్నుంచి ఎనిమిది అడుగులు వేసి, చెప్పుకాలితో మట్టి తోసి, మూత తీసి కడ్డీ దించేవాడు. ఎన్ని చుట్లు తిప్పితే చివరి ఇంటిదాకా నీళ్ళెక్కుతాయో ఆయన చేతులకు తెలుసు. ఒక్కోసారి కడ్డీ పైకొసకు చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "ఏం వింటున్నావు పెద్దాయనా?" అని అడిగాను ఒకరోజు. "లోపలెక్కడో కారతందండి. బుస వినపడతంది" అన్నాడు.

ఆయన రిటైరైన మరుసటేడు రోడ్డు వెడల్పు చేశారు. వేపచెట్టు పోయింది. ఆ వానాకాలంలో బస్టాండు దగ్గర పెద్ద లైను పగిలి నీళ్ళు మోకాలెత్తున పారుతుంటే, కట్టెయ్యాల్సిన వాల్వు ఎక్కడుందో కనుక్కోవడానికి మూడు గంటలు పట్టింది. ఆఫీసులో పటం లేకపోలేదు; అందులోనూ గుర్తు వేపచెట్టే. చివరికి ఎవరో స్కూటరేసుకుని ఆయనింటికి పరిగెత్తారు. ఊరి నీటి పటం మొత్తం ఆయన బుర్రలో ఉంది. దానికి పింఛనిచ్చి ఇంటికి పంపేశారు.

నీటి సరఫరా అనగానే మనకు కళ్ళముందు మెదిలేవి చెరువు, డ్యాము, ఓవర్‌హెడ్ ట్యాంకు. ఫొటోకు పనికొచ్చేవి, శిలాఫలకం పెట్టడానికి గోడ ఉన్నవి. నీటి సంస్థ ఆస్తిలో పెద్ద వాటా మాత్రం మట్టి కింద ఉంటుంది, ఎవరికీ కనబడదు. కనబడని ఆ ఆస్తికి వయసు మీదపడుతుంటే దేన్ని బాగుచెయ్యాలి, దేన్ని మార్చాలి, ఎప్పుడు, ఆ డబ్బు ఎప్పట్నుంచి పోగెయ్యాలి? దీనికి అసెట్ మేనేజ్‌మెంట్ అని గంభీరమైన పేరుంది. పాత పెంకుటిల్లున్న ప్రతి కుటుంబానికీ ఇది తెలిసిన తలనొప్పే: ఈ ఏడూ నాలుగు పెంకులు మార్చి సరిపెట్టడమా, అప్పు చేసి స్లాబు వెయ్యడమా? తేడా ఒక్కటే. ఇంటి కప్పు కారితే నెత్తిన పడుతుంది. పైపు కారితే మట్టి తాగేస్తుంది.

హైదరాబాదును చూద్దాం. 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ఊడ్చేశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, మనందరి నోట గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో. వరదను ఆపడానికి కట్టినవే ఊరి దాహమూ తీర్చాయి. గండిపేట నిండుమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగుల ఎత్తున, అంటే దాదాపు 545 మీటర్ల దగ్గర ఉంది. పాతనగరం అంతకంటే పల్లం. అంచేత ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ల దాకా నీళ్ళు వాటంతటవే నడిచొచ్చాయి. పంపు లేదు, కరెంటు బిల్లు లేదు. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరొదిలి పోలేడంటారు. ఆ నీళ్ళు ఊరికే వచ్చేవని మాత్రం ఎవరూ గుర్తుచెయ్యరు.

తర్వాత ఊరు పెరిగింది. 1965లో మంజీరా మొదటి దశ, 1981లో రెండోది, 90ల మొదట్లో సింగూరు. 2004, 2008, 2015 సంవత్సరాల్లో కృష్ణా మూడు దశలు. 2015లోనే ఎల్లంపల్లి నుంచి గోదావరి, 180 కిలోమీటర్లకు పైగా పైపులో ప్రయాణం చేసి. నగరం దూరం వెళ్ళినకొద్దీ పల్లానికీ వెళ్ళింది. నాగార్జునసాగర్ నిండుమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఎల్లంపల్లిది 148 మీటర్లు. హైదరాబాదులో చాలా పేటలు 500 మీటర్ల ఎగువన ఉన్నాయి.

ఇక్కడొక చిన్న లెక్క. వెయ్యి లీటర్ల నీళ్ళంటే టన్ను బరువు. టన్నును 350 మీటర్లు పైకెత్తడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస శక్తి 0.95 యూనిట్లు. పంపూ మోటారూ కలిసి నూటికి 75 పాళ్ళు సమర్థంగా పనిచేస్తాయనుకుంటే అది 1.27 యూనిట్లవుతుంది. పైపు గోడల రాపిడికయ్యేది దీనికి అదనం. అంటే ఏ గల్లీలోనో రోడ్డు పాలయ్యే ప్రతి వెయ్యి లీటర్లతోపాటు ఒకటింబావు యూనిట్ల కరెంటు కూడా మోరీలో కలుస్తోంది. గండిపేట కాలంలో లీకు అంటే పోయింది నీళ్ళే. ఇప్పుడు పోతున్నది నీళ్ళు, కరెంటు, శుద్ధికి పోసిన పటికా క్లోరినూ, ఆ ప్రాజెక్టు కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ.

ఒకే సంస్థ పెరట్లో వందేళ్ళ కట్టడం, అరవయ్యేళ్ళ పైపు, పదేళ్ళ పైపు కలిసి కాపురం చేస్తున్నాయన్నమాట. ఉమ్మడి కుటుంబం. ఆనకట్ట వందేళ్ళు దాటినా నిలుస్తుంది. పంపులు పదిహేను, ఇరవై ఏళ్ళకు అలసిపోతాయి. మీటర్లూ సెన్సర్లూ పదేళ్ళు మన్నితే గొప్ప. ఒక్కొక్కటి ఒక్కో వేళకు మంచాన పడుతుంది, అన్నిటికీ మందు కొనే జేబు ఒక్కటే.

వీటన్నిటిలో అంతు చిక్కనిది పైపు వయసు. ఫ్రాన్సులో వెర్సాయ్ తోటల ఫౌంటెన్లకోసం 1664లో వేసిన పోత ఇనుప గొట్టాలు 330 ఏళ్ళకు పైగా పనిచేశాయి. మన ఊళ్ళలో ముప్పయ్యేళ్ళు తిరక్కుండా తవ్వి పారేసిన పైపులున్నాయి. ఏది వేశారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు వేశారు, ఏ మట్టిలో, కింద ఇసుక పరిచారా రాళ్ళ మీద పడేశారా అన్నవీ అంతే ముఖ్యం.

పాత సీఐ, అంటే పోత ఇనుప, పైపు ముక్క ఒకటి చాలాకాలం నా బల్లమీద కాగితాలు ఎగరకుండా ఉంచే బరువుగా ఉండేది. ఒక కందకం గట్టున పడుంటే తెచ్చుకున్నాను. చూడ్డానికి నిక్షేపంగా ఉంది. అంచు గుండ్రం చెక్కుచెదరలేదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఉండాల్సినంత బరువు లేదు. కత్తిమొనతో గీకితే పెన్సిలు ముల్లు చెక్కినట్టు నల్లటి పొడి రాలేది. పోత ఇనుములో కర్బనం గ్రాఫైటు రేకులుగా ఉంటుంది. తడిమట్టిలో ఏళ్ళ తరబడి ఉంటే ఇనుము కరిగి జారుకుంటుంది, గ్రాఫైటు మిగిలిపోతుంది. లోపలి ఇనుము వెళ్ళిపోయినా పైపు ఆకారం మారదు. పెయింటు కొట్టిన చెదతిన్న తలుపులాంటిదే. నీటి ఒత్తిడి ఒక్కసారి ఎగిసినా, పైన లారీ గట్టిగా బ్రేకేసినా పుటుక్కుమంటుంది. 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ అనే లోహశాస్త్రజ్ఞుడు కరిగిన ఇనుములో కాస్త మెగ్నీషియం కలిపితే గ్రాఫైటు రేకులుగా కాక గుండ్లుగా గడ్డకడుతుందని కనిపెట్టాడు. రేకు అంచునుంచి పగులు పాకుతుంది. గుండు దగ్గర ఆగిపోతుంది. ఇవాళ మన వీధుల్లో దించుతున్న డీఐ (డక్టైల్ ఐరన్) పైపుల బలమంతా అక్కడే ఉంది. వాటికీ తుప్పు తప్పదు గానీ, విరిగేముందు కాస్త వంగుతాయి.

ఏసీ పైపులది ఇంకో కథ. ఇది చల్లదనమిచ్చే ఏసీ కాదు, ఆస్బెస్టాస్ సిమెంటు. చవకని ఒకప్పుడు మన పట్టణాల్లో విరివిగా వేశారు. లవణాలు తక్కువున్న నీరు సిమెంటులోని సున్నాన్ని కొద్దికొద్దిగా నాకేస్తుంది, పైపు టీలో ముంచిన బిస్కెట్టవుతుంది. వీటన్నిటికీ తోడు మన నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలువారే నేల అది. ఏడాదికోసారి పైపు నడుమును ఇటూ అటూ మెలిపెడుతుంది. పైపులు నడిమికి కోసినట్టు అడ్డంగా విరగడానికి ఇలాంటి నేల కదలికే పెద్ద కారణం. రేగడి పొలం గట్టున ఇల్లు కట్టుకున్నవాళ్ళకు గోడ పగుళ్ళ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైపు కూడా అలాంటి గోడే.

పైపు జీవితాన్ని గీతగా గీస్తే స్నానాల తొట్టిని పక్కనుంచి చూసినట్టుంటుంది. వేసిన కొత్తలో జాయింట్లు సరిగా కూర్చోక, కంట్రాక్టరు తొందరవల్ల కొన్ని పగుళ్ళు. ఆ గండం గడిస్తే దశాబ్దాల ప్రశాంతత. ఆ తర్వాత అటుగోడ ఎక్కుడు. చిక్కంతా ఈ నడిమి ప్రశాంతతతోనే. ముప్పయి నలభై ఏళ్ళపాటు ఏమీ జరగదు. ఏమీ జరగని పద్దుకు ఏ కౌన్సిలూ డబ్బు కేటాయించదు.

అమెరికా నీటి సరఫరా సంస్థల సంఘం 2001లో ఇరవై నగరాల లెక్కలు ముందేసుకుని ఒక విచిత్రం చూపించింది. అక్కడ 19వ శతాబ్దం చివర్లో వేసిన పైపులు సగటున 120 ఏళ్ళు, 1920ల నాటివి 100 ఏళ్ళు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత వేసినవి 75 ఏళ్ళు మన్నుతాయి. పోతపోసే పద్ధతులు మెరుగుపడేకొద్దీ గోడ పల్చనైంది, ఆయువు తగ్గింది. ఇప్పుడు కూడికలు వెయ్యండి. మూడు తరాల పైపులూ దాదాపు ఒకే కాలంలో, ఈ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో, కట్టగట్టుకుని కన్నుమూస్తాయి. మార్పిడి ఖర్చును ఏడాదివారీగా గీస్తే మూపులు మూపులుగా లేచే గీత వస్తుంది. స్కాట్లండు సరస్సులో ఉందని చెప్పుకునే వింతజంతువు పేరుమీద దానికి నెస్సీ గీత అని పేరుపెట్టారు. అదే సంఘం 2012లో ఇచ్చిన అంచనా ప్రకారం ఆ తర్వాతి 25 ఏళ్ళలో పాతవి మార్చడానికీ కొత్త ఊళ్ళకు వెయ్యడానికీ కలిపి అక్కడ కనీసం లక్ష కోట్ల డాలర్లు కావాలి.

ఆ జంతువు మన చెరువులోనూ ఉంది, ఇంకా పిల్ల. 2016 ఆగస్టులో గజ్వేల్‌లో మిషన్ భగీరథ మొదలైంది. కొద్ది ఏళ్ళలోనే తెలంగాణ నేల కింద లక్ష కిలోమీటర్లకు పైగా పైపులు దిగాయి. భూమధ్యరేఖను రెండున్నర సార్లు చుట్టే పొడవు. మోటబావి దగ్గర బిందెలతో వరస కట్టిన ఇళ్ళకు నల్లా వచ్చింది, అది చిన్న విషయం కాదు. అయితే కలిసి పుట్టినవి కలిసే ముసలివవుతాయి. ఊళ్ళలో వేసినవాటిలో ఎన్నో నల్లటి హెచ్‌డీపీఈ గొట్టాలు. 50 ఏళ్ళ ఆయుర్దాయమన్నది 20 డిగ్రీల నీటికి ప్రయోగశాలలో కట్టిన లెక్క. కరీంనగర్ మే నెల ఎండ ఆ ప్రయోగశాలను చూసి ఎరగదు. పైగా ప్లాస్టిక్ శబ్దాన్ని మింగేస్తుంది. కడ్డీకి చెవి ఆనించినా బుస వినపడదు. 50 ఏళ్ళే పట్టుకున్నా 2066 నుంచి నాలుగైదేళ్ళలో మొదటి మూపు పైకి తేలుతుంది. ఆ డబ్బంతా అప్పటికప్పుడు తేవడం ఎవరి తరమూ కాదు. కొన్నిచోట్ల పదేళ్ళు ముందే మార్చి, కొన్నిచోట్ల పదేళ్ళు లాగించి, ఆ మూపును వంచాలి. ఏవి ముందు, ఏవి వెనక అన్నది తేలాలంటే ఏ గొట్టం ఏ మట్టిలో ఎప్పుడు పడింది, ఎన్నిసార్లు పగిలింది అన్న చిట్టా ఇవాళ్టినుంచే రాయాలి. 2060లో మొదలుపెట్టి వెనక్కి రాయలేం.

కౌన్సిలు సమావేశంలో అడగదగిన ప్రశ్న ఒకటుంది. మన ఊళ్ళో ఏటా నూటికి ఎన్ని కిలోమీటర్ల పైపు మారుస్తున్నాం? అరకిలోమీటరని సమాధానమొస్తే, ప్రతి పైపూ రెండొందలేళ్ళు బతుకుతుందని మనం నమ్ముతున్నట్టు. సున్నా అని వస్తే, చావులేదని.

మనకు ఇంకో సొంత జబ్బుంది. రోజుకో గంట, రెండ్రోజులకో గంట నీళ్ళు. ఇది నీటి కొరతకు విరుగుడని అందరూ అనుకుంటారు. పైపు దృష్టిలో ఇది రోజూ ఉరితీసి దించడం. వాల్వు తిప్పగానే ఖాళీ గొట్టంలోకి నీరు గాలిని నెట్టుకుంటూ దూసుకొస్తుంది. నల్లా ముందు బుసకొట్టి, దగ్గి, తర్వాత ధార కడుతుందే, అదే ఆ గాలి. మీటరు ఆ గాలికీ గిర్రున తిరుగుతుంది. నీళ్ళు కట్టేశాక లైను ఖాళీ అవుతూ లోపల శూన్యం ఏర్పడుతుంది. దానికితోడు ఇంటికో మోటారు లైనుకే బిగించి పీలుస్తాం. పక్కనే మురుగుకాలువ పారుతుంటే, లీకుండే ప్రతి చిల్లూ ఇప్పుడు లోపలికి తెరిచిన నోరు. మొదటి బిందె పారబొయ్యాలని మన అమ్మలు ఏ హైడ్రాలిక్స్ చదవకుండానే కనుక్కున్నారు.

ఈ గంట సరఫరా లీకుల్ని దాచిపెడుతుంది కూడా. పైపుకు ఆరు మిల్లీమీటర్ల చిల్లు, మన చిటికెనవేలికంటే సన్నం, పడిందనుకుందాం. లోపల 30 మీటర్ల నీటికంభం ఒత్తిడి ఉంటే నీళ్ళు సెకనుకు 24 మీటర్ల వేగంతో చిమ్ముతాయి. రోజంతా అలా కారితే దాదాపు 35 వేల లీటర్లు. తలకు రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న మన జాతీయ ప్రమాణంతో చూస్తే 260 మంది వాడకం. రోజుకు ఒక్క గంటే ఒత్తిడి ఉంటే కారేది పదిహేను వందల లీటర్లే, ఎవరికీ పట్టదు. ఇరవైనాలుగు గంటలూ నీళ్ళిస్తామని ప్రకటించిన రోజు ఇలాంటి చిల్లులన్నీ ఒక్కసారి కళ్ళు తెరుస్తాయి. చాలా ఊళ్ళలో ఆ ముచ్చట నెలలోపే ఆగిపోవడానికి నీళ్ళు చాలకపోవడం ఎంత కారణమో ఇదీ అంత కారణం. ఒత్తిడి పెంచితే ధారే కాదు, ప్లాస్టిక్కు గొట్టంలో నిలువుపగులైతే చిల్లే వెడల్పవుతుంది. ఒత్తిడి రెట్టింపైతే లీకు రెట్టింపు దాటిపోవచ్చు. ఈ సంగతిని 1994లో జాన్ మే అనే బ్రిటిష్ ఇంజనీరు సూత్రంగా రాసిపెట్టాక, ఒక్క పైపూ తవ్వకుండా అర్ధరాత్రిపూట ఒత్తిడి తగ్గించి లీకులు తగ్గించడం ఒక విద్యగా ఎదిగింది.

సరే, పగులుతున్న పైపును ఎప్పుడు మార్చాలి? 1979లో యూరి షమీర్, చార్లెస్ హోవర్డ్ అనే ఇద్దరు దీనికో పద్ధతి చెప్పారు. చక్రవడ్డీ తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. అంకెలు నేను ఊహించి వేస్తున్నాను. కిలోమీటరు పైపు మార్చడానికి 50 లక్షలు. వడ్డీ 8 శాతం. ఒక ఏడాది వాయిదా వేస్తే 4 లక్షల వడ్డీ మిగులుతుంది. ఒక పగులు అతకడానికి మట్టి, మనుషులు, తారు అన్నీ కలిపి 40 వేలు. అంటే ఏడాదికి పది పగుళ్ళ దాకా అతుకేసుకుంటూ పోవడమే లాభం. పది దాటిందా, మార్చెయ్యాలి. ఇప్పుడు ఏడాదికి రెండు పగుళ్ళుండి, అవి ఏటా 8 శాతం చొప్పున పెరుగుతుంటే పదికి చేరడానికి 21 ఏళ్ళు పడుతుంది. గుండెమీద చెయ్యేసుకుని పడుకోవచ్చు.

ఆగండి. ఒక పగులుకు అయ్యేది 40 వేలేనా? ఆ పూట ట్యాంకరు కొనుక్కున్నవాళ్ళ డబ్బు, మూసేసిన టిఫిను బండి, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న అంబులెన్సు, వారం తర్వాత ఆ వీధిలో వాంతులూ విరేచనాలు, ఇవన్నీ కలిపి లక్షంటే? హద్దు పది నుంచి నాలుగు పగుళ్ళకు దిగుతుంది. 21 ఏళ్ళు కాస్తా తొమ్మిదేళ్ళవుతుంది. పైపు అదే, మట్టి అదే, వడ్డీ అదే. ఎవరి నష్టాన్ని లెక్కలోకి తీసుకున్నామన్నదొక్కటే మారింది. ఈ వ్యవహారమంతా ఇంజనీరింగు అనుకునేవాళ్ళకు నేను చూపించేది ఈ లెక్కనే.

వడ్డీరేటులో ఇంకో గారడీ ఉంది. ముప్పయ్యేళ్ళ తర్వాత వచ్చే వంద రూపాయల నష్టం, 8 శాతం చొప్పున వెనక్కి లాక్కొస్తే ఇవాళ్టి పది రూపాయలు. 4 శాతమైతే ముప్పయి రూపాయల పైచిలుకు. ఎక్సెల్ షీటు పైవరసలో ఎవరో గుమాస్తా టైపుచేసిన ఆ ఒక్క అంకె, మన మనవల దాహం విలువను మూడోవంతుకు కుదించెయ్యగలదు.

పాతదాన్నల్లా మార్చెయ్యడమూ తెలివితక్కువే. వీధి చివర నాలుగిళ్ళకు వెళ్ళే వందేళ్ళ గొట్టం పగిలితే నాలుగిళ్ళు కష్టపడతాయి. ఆస్పత్రికి వెళ్ళే ఇరవయ్యేళ్ళ లైను పగిలితే డయాలసిస్ ఆగిపోతుంది. పగిలే అవకాశాన్నీ పగిలితే జరిగే నష్టాన్నీ హెచ్చవేసి చూడాలి. 2008 డిసెంబరు 23న అమెరికాలోని మేరీలాండ్‌లో, బెథెస్డా అనే చోట, 66 అంగుళాల కాంక్రీటు పైపు ఒకటి పేలింది. ఉదయం ఆఫీసుల వేళ. రోడ్డు నదైంది, కార్లలో చిక్కుకున్నవాళ్ళను పడవలతోనూ హెలికాప్టరుతోనూ కాపాడారు. ఆ రకం పైపుకు బలం దాని చుట్టూ బిగించి చుట్టిన ఉక్కుతీగలు. తీగలు తుప్పుపట్టి ఒక్కొక్కటీ తెగుతూ వస్తాయి, తగినన్ని తెగాక పైపు బాంబులా పేలుతుంది. అక్కడి సంస్థ చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. పైపుల లోపల పొడుగునా ఫైబర్ ఆప్టిక్ తీగ పరిచారు. ఉక్కుతీగ తెగినప్పుడు వచ్చే టప్‌మన్న చప్పుడును అది వింటుంది, ఏ ముక్కలో తెగిందో చెబుతుంది. చప్పుళ్ళు ఎక్కువైన ముక్క ఒక్కదాన్నే తవ్వి మారుస్తారు. మిగతా లైనును దాని మానాన బతకనిస్తారు. మా పెద్దాయన కడ్డీకి చెవి ఆనించి చేసిందీ ఇదే, కిలోమీటర్ల లెక్కన.

డబ్బున్న దేశం కాబట్టి చేసిందంటారా? అయితే నాంపెన్‌ను చూడండి. యుద్ధాలతో చితికిన కంబోడియా రాజధాని. 1993లో ఏక్ సోన్ చాన్ అనే ఇంజనీరు అక్కడి నీటి సంస్థ పగ్గాలు పట్టేనాటికి వదిలిన నీటిలో నూటికి 72 పాళ్ళు ఎటు పోతోందో తెలియదు. ఊరికి రోజుకు పది గంటలు నీళ్ళు, అదీ కొన్ని పేటలకే. ఆయన మొదట కొత్త పైపు వెయ్యలేదు, ఇల్లిల్లూ తిరిగించి జాబితా రాయించాడు. పుస్తకంలో ఉన్న ఇళ్ళు వీధిలో లేవు, వీధిలో నీళ్ళు తాగుతున్న ఇళ్ళు పుస్తకంలో లేవు. అందరికీ మీటర్లు పెట్టించాడు, బిల్లు కట్టని పెద్దవాళ్ళకూ కట్‌చేశాడు. ఒక సైనికాధికారి ఇంటిముందు ఆయన తలకే తుపాకీ గురిపెట్టారు. ఊరిని చిన్నచిన్న మండలాలుగా విడగొట్టి, ఏ మండలం లీకులు ఆ బృందానికి అప్పగించి, తగ్గించినవాళ్ళకు బోనసిచ్చాడు. పేదింటికి తక్కువ రేటు, ఎక్కువ తాగేవాడికి ఎక్కువ రేటు. పదిహేనేళ్ళు తిరిగేసరికి నష్టం 6 శాతం దగ్గరికి దిగింది, ఇరవైనాలుగు గంటల నీళ్ళొచ్చాయి. 2006లో ఆయనకు మెగసెసే పురస్కారం ఇచ్చారు.

మన దగ్గర ఈ బిల్లుల సంగతి, అంటే నడపడానికి డబ్బు, ఎప్పుడూ చేదు మందే. కేంద్రం అమృత్ లాంటి పథకాల్లో ట్యాంకుకూ పైపుకూ ప్రధానంగా గ్రాంటొస్తుంది, ఆ తర్వాతి నలభయ్యేళ్ళ నిర్వహణ ఊరి నెత్తిన ఉంటుంది. ఇల్లు కట్టిచ్చి కరెంటు బిల్లు నువ్వే కట్టుకో అన్న మామగారి వ్యవహారం. హైదరాబాదులో 2021 జనవరి నుంచి మీటరున్న ఇళ్ళకు నెలకు 20 వేల లీటర్లు ఉచితం. పేదింటికి నీళ్ళు ఉచితంగా ఇవ్వడంలో నాకు పేచీ లేదు. ఆ సొమ్ము ఖజానానుంచి ఏటా తప్పకుండా, తరుగుదల కూడా కలిపి, సంస్థకు రావాలి, అంతే. ఉచితమన్న సంగతి పైపుకు తెలియదు.

మళ్ళీ మా డెల్టా ఊరికొస్తాను. బస్టాండు పగులు తర్వాత మునిసిపాలిటీ వాళ్ళకు బుద్ధొచ్చిందో, పైనుంచి ఆర్డరే వచ్చిందో గానీ వాల్వులన్నీ పటానికి ఎక్కించాలనుకున్నారు. పెద్దాయనను రోజుకూలీ మీద మళ్ళీ పిలిచారు. పక్కన జీపీఎస్ పరికరం పట్టుకుని కొత్తగా చేరిన కుర్ర అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ. ఆయన నడిచి ఆగినచోటల్లా కుర్రాడు బటన్ నొక్కుతాడు, వెనకొకడు తెల్లరంగుతో నంబరు వేస్తాడు. సెలవురోజు పనేమీ లేక నేనూ వెంట తిరిగాను.

ఊరి చివరి కాలనీలో నీళ్ళు సన్నంగా వస్తాయని ఎన్నో ఏళ్ళ ఫిర్యాదు. అక్కడో కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టాలని ఎస్టిమేటు సిద్ధమై సంతకానికి ఆగి ఉంది. కాలనీ మలుపులో పెద్దాయన నిలబడి "ఇక్కడండి" అన్నాడు. తవ్వితే ఏమీ లేదు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏఈ లోహాన్ని పసిగట్టే యంత్రంతో అటూ ఇటూ వెతికి, రెండు బారల అవతల కూత వినిపిస్తే అక్కడ తవ్వించాడు. మూడు వరసల తారు కింద మూత, దాని కింద వాల్వు. పెద్దాయన వంగి చూసి, "ఇది నాది కాదండి" అన్నాడు. ఆయన ఉద్యోగంలో చేరకముందు ఎవరో పెట్టినది, ఏ పటంలోనూ లేనిది.

కడ్డీ దించాడు. ముందు కదల్లేదు. కిరసనాయిలు పోసి, కాసేపాగి, ఇద్దరూ పిడి చెరోవైపు పట్టుకుని తోశారు. కీచుమంటూ తిరగడం మొదలెట్టింది. సగానికి పైగా మూసి ఉంది. పెద్దాయన పెదవులతో లెక్కపెడుతున్నాడు. పద్నాలుగో చుట్టు దగ్గర ఆగింది. మలుపవతల ఎవరింట్లోనో తిప్పి వదిలేసిన కుళాయి ముందు దగ్గింది, తర్వాత బకెట్టు మోగింది.